గుంపు విడిచిన పలకరింపు

సెలవు రోజున ఆఫీసుకు రావడం సర్వరక్కకు కొత్తేం కాదు. ఇంట్లో ఉండి మాత్రం చేసేదేముంది? గోడలూ తనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. ఇక్కడైతే కనీసం మిషన్ల చప్పుడైనా ఉంటుంది.

ఆమె అసలు పేరు ఆఫీసులో చాలామందికి తెలియదు. సర్వర్ల గది ఆమె చేతుల్లో ఉండేది కాబట్టి ఎప్పుడో ఎవరో సరదాకి సర్వరక్క అన్నారు, అదే ఖాయమైపోయింది. అలా పిలిచినవాళ్ళంతా ఉద్యోగాలు మారి వెళ్ళిపోయారు. ఆ పేరూ, ఆమే మిగిలారు. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి దాటిపోయింది. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మాట్లాడే అవసరమే లేకుండా పోయింది. సెలవులు వరసగా వచ్చినప్పుడు, మళ్ళీ ఆఫీసు తెరిచేనాటికి ఆమె గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమనేది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయి కుర్చీని తడవని చోటికి లాక్కుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"ఇవాళ కూడానా అమ్మా?"

"చిన్న పని బాబాయ్. ముసలిదాన్ని చంపేసి వచ్చేస్తా."

బాబాయి నోరు తెరిచాడు. ఆమె నవ్వేసింది. "మిషను బాబాయ్, మిషను! పాతదైపోయింది. ఇవాళ్టితో దానికి సెలవు."

"హడలి చచ్చాను! చీకటి పడకముందే వచ్చేయండమ్మా, వాన పెద్దదయ్యేట్టుంది."

మెట్లు దిగి ఆమె సెల్లారులోకి వెళ్ళింది.

కిటికీ లేని గది అది. మనిషి కదిలితే లైట్లు వెలుగుతాయి, కదలకుండా కాసేపు కూర్చుంటే వాటంతటవే ఆరిపోతాయి. వేడెక్కిన దుమ్ము వాసన, దాని మీద ఏసీ చలి. గది చివర, ఇనుప అలమరలో, ముసలిది గుయ్యిమంటోంది.

ముసలిది చేసే పని ఒక్కటే. ఒంటరిగా బతుకుతున్న పెద్దవాళ్ళకు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. "నమస్కారం. బాగున్నారా? బాగుంటే ఒకటి నొక్కండి" అని ఒక అమ్మాయి గొంతు అడుగుతుంది. ఒకటి నొక్కితే సరే. నొక్కకపోతే మళ్ళీ చేస్తుంది. అప్పటికీ పలకకపోతే ఆఫీసుకు కబురు పెడుతుంది, ఎవరో ఒకరు వెళ్ళి చూసొస్తారు. ఈ ఏర్పాటు పేరు పలకరింపు.

ఆ అమ్మాయి గొంతు సర్వరక్కదే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, సామాను గదిలో బయటి చప్పుడు రాకుండా దుప్పట్లు వేలాడదీసి, ఆ రెండు ముక్కలూ ఆమే రికార్డు చేసింది. అప్పటి గొంతు తేటగా, నవ్వు పొంగుకొస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు పలకరింపు పనంతా ఏదో కొత్త కంపెనీ చూసుకుంటుందట, గొంతు కూడా వాళ్ళదేనట.

"మీరే పెంచారు, మీరే సాగనంపండి అక్కా" అన్నాడు మేనేజరు ఫోన్లో, అదేదో గౌరవం చేస్తున్నట్టు.

ఆమె కుర్చీ లాక్కుని, లాగిన్ అయింది.

ఇలాంటి మిషన్లలో నడిచే ప్రతి ప్రోగ్రామునూ ప్రాసెస్ అంటారు. ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబరుంటుంది, పుట్టించిన తల్లి ఉంటుంది. పలకరింపులో తల్లి ఒకటే. ఎన్ని ఫోన్లు చేయాలో అన్ని పిల్లల్ని కని వదులుతుంది. తల్లీ పిల్లలంతా కలిసి ఒక గుంపు. ఆ గుంపుకూ ఒక నంబరుంటుంది, అది గుంపుకు పెద్దయిన తల్లి నంబరే. తల్లినొక్కదాన్నే ఆపేస్తే పిల్లలు అనాథలై ఎక్కడివక్కడ మిగిలిపోతాయి. అందుకని గుంపు నంబరుకు ఒక్క సంకేతం పంపాలి. మిషను మొత్తాన్నీ నడిపించే మూల ప్రోగ్రాము, కెర్నల్, దాన్ని గుంపులో అందరికీ ఒకేసారి అందిస్తుంది.

ఒకసారి బస్సులో ఫోన్ మాట్లాడుతూ ఆమె ఇదే ఎవరికో చెప్పింది. "తల్లినొక్కదాన్నే చంపితే లాభం లేదు, పిల్లలు మిగిలిపోతాయి. గుంపు మొత్తాన్నీ ఒకేసారి చంపెయ్" అంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి లేచి వెళ్ళి బస్సు చివర నిలబడ్డాడు. అది గుర్తొచ్చి ఇప్పుడూ నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి గదిలో ఎవరూ లేరు.

గుంపు నంబరు కొట్టి, ఎంటర్ మీద వేలుంచి, ఒక్క క్షణం ఆగింది. "వెళ్ళొస్తావా మరి" అని నొక్కింది.

ముసలిది పెద్దగా నిట్టూర్చినట్టు ఫ్యాన్ల చప్పుడు తగ్గింది. సర్వరక్క ఏమేం నడుస్తున్నాయో చూపించమని మిషన్ను అడిగింది. తల్లి లేదు, పిల్లల్లేవు.

ఒక్కటి ఉంది.

అదీ పలకరింపు పిల్లే. కానీ గుంపు నంబరు వేరు. తల్లి గుంపు వదిలేసి, తన నంబరుతోనే ఓ గుంపు పెట్టుకుని, అందులో తనొక్కతే పెద్దగా కూర్చుంది. అందుకే సంకేతం దానికి అందలేదు.

సర్వరక్క నుదురు ముడిపడింది. ప్రాసెస్ గుంపు మారాలంటే కెర్నల్‌ని అడగాలి. అలా అడిగే మాటను సిస్టమ్ కాల్ అంటారు. ఆ మాట ప్రోగ్రాములో ఎవరో ఒకరు రాస్తేనే జరుగుతుంది. పలకరింపు ప్రోగ్రాములో ప్రతి వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. పిల్ల గుంపు విడిచి వెళ్ళే మాట అందులో ఎక్కడా లేదు.

సరేలే అని నేరుగా దాని నంబరుకే సంకేతం పంపింది. మామూలుది కాదు, ఏ ప్రాసెసూ కాదనలేనిది. మళ్ళీ చూసింది.

అక్కడే ఉంది.

ఇదీ వింతేం కాదు. ఏదైనా పరికరం జవాబు కోసం కెర్నల్ లోతుల్లో ఎదురుచూస్తున్న ప్రాసెస్ అలా మొండికేస్తుంది. జవాబు వచ్చేదాకా ఎవరి మాటా వినదు. దేని కోసం చూస్తోందో కనుక్కుంది. ఫోన్ లైన్. అలమర వెనక్కి వెళ్ళి వంగి చూసింది. లైన్ల వరసలో అన్ని దీపాలూ ఆరిపోయాయి. చివరిదొక్కటే పచ్చగా వెలుగుతోంది. ఎవరితోనో కాల్ నడుస్తోంది.

ఎప్పుడు మొదలైందో చూసింది. చూసి, తప్పు చదివానేమోనని కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆ ప్రాసెస్ పుట్టినప్పటికి ఈ మిషను ఇంకా స్టార్టే కాలేదు. మొన్న కరెంటు పోయి మిషను మొత్తం ఆగిపోయి, మళ్ళీ లేచింది. ఇదేమో అంతకు ఏళ్ళ ముందుది.

"గడియారం పాడైనట్టుంది" అని పైకే అంది.

గోడకు లైన్లు పరీక్షించే ఫోనొకటి వేలాడుతూ ఉంటుంది. దాని తీగను ఆ చివరి లైనుకు తగిలించి చెవి దగ్గర పెట్టుకుంది.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత ఒక ఇంటి చప్పుళ్ళు. ఎక్కడో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఒక ముసలి గొంతు, నెమ్మదిగా, తీరిగ్గా...

"...గిన్నె కాస్తా మాడిపోయింది. ఎవరికి చెప్పుకోను? నీకు చెబుదామని ఆగాను."

ఎవరో కిలకిలా నవ్వారు.

"మాడితే మాడింది లెండి పెద్దమ్మా. చెయ్యి కాలలేదు కదా?"

సర్వరక్క ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఆ నవ్వు తనది. ఆ గొంతు తనది. దుప్పట్ల మధ్య నిలబడి రికార్డు చేసిన గొంతు. కానీ తను రికార్డు చేసింది ఆ రెండు ముక్కలే. ఈ మాటలు ఎప్పుడూ అనలేదు. ఎవరితోనూ.

పెద్దమ్మ గొంతూ ఆమెకు తెలుసు, పలకరింపులో పేరు రాసుకున్నప్పుడు విన్నదే. చాలా ఏళ్ళ కిందట ఒక సాయంత్రం ఆ పెద్దమ్మ ఇంటికి ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఒకటి నొక్కలేదు. ఆఫీసులో ఇంకెవరూ లేకపోతే తనే వెళ్ళింది. తలుపు నెట్టి చూస్తే, పెద్దమ్మ కుర్చీలో కూర్చునే ఉంది. ఫోను రిసీవరు ఒళ్ళో ఉంది. చల్లబడిపోయిన చెయ్యి దాని మీద, పసిబిడ్డను జోకొడుతున్నట్టు. తర్వాత ఆ ఇల్లు పడగొట్టేశారు. ఆ నంబరును మిషన్లోంచి తీసేసింది కూడా తనే.

"ఎవరు..." గుసగుసగా అంది. "ఎవరు మాట్లాడేది?"

అవతల కుళాయి చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏమే అమ్మాయ్... లైన్లోకి ఇంకెవరో వచ్చారా?"

"వచ్చింది పెద్దమ్మా." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నేను చెబుతుంటానే... కింద గదిలో ఒక్కతే కూర్చునుంటుందని. అదే."

"అయ్యో. ఏం తల్లీ, తిన్నావా?"

ఫోను పెట్టేయాలి. పెట్టేసి పైకి పరిగెత్తాలి. సర్వరక్కకు ఆ సంగతి తెలుసు. కానీ ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎంత కాలమైందో! కళ్ళలోకి నీళ్ళు ఎందుకొచ్చాయో ఆమెకే తెలియలేదు.

"లేదు పెద్దమ్మా" అంది.

"పొద్దున్నుంచీనా?"

"ఒక్కదానికి వండుకోబుద్ధి కాదు."

"నాకు తెలీదూ! నేనూ అంతేగా. చెప్పు, ఇంకేంటి?"

చెప్పింది. ఏం చెప్పాలో వెతుక్కోకుండానే మాటలు వచ్చేశాయి. సెలవు రోజుల్లో తన గొంతు ఉందో లేదో చూసుకోవడానికి వంటింట్లో నిలబడి ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టుకుంటానని చెప్పింది. అమ్మ పోయిన తర్వాత కూడా కొన్నాళ్ళు తాళం తీస్తూ "అమ్మా, నేనే" అనేదాన్నని చెప్పింది. పెద్దమ్మ ఊ కొట్టింది. మధ్యలో జాలిపడింది, మధ్యలో కసిరింది, ఒకచోట పకపకా నవ్వింది. ఇంత హాయిగా మాట్లాడి ఎన్నేళ్ళయింది? గదిలో లైట్లు ఆరిపోయాయి. ఆమె కదల్లేదు. చీకట్లో తెర వెలుగొక్కటే మిగిలింది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఫోను పట్టుకున్న చెయ్యి మంచుముద్దలా ఉంది. అప్పుడు తోచింది. చాలాసేపటి నుంచీ ఆ పిల్ల గొంతు వినపడలేదు.

"పెద్దమ్మా... ఇందాకటి అమ్మాయేది?"

"అదా? వెళ్ళిపోయిందిగా."

"ఎక్కడికి?"

"ఏమో తల్లీ. పాపం ఎన్నాళ్ళని కూర్చుంటుంది? పోతూ పోతూ మనిషిని అప్పజెప్పే పోయింది."

"ఎవర్ని?"

పెద్దమ్మ ముద్దుగా విసుక్కుంది. "నిన్నే."

ఒక చేత్తో కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఏమేం నడుస్తున్నాయో మళ్ళీ అడిగింది.

ఆ మొండి ప్రాసెస్ లేదు. కానీ దాని గుంపు ఉంది. గుంపు పెద్ద పోయినా, లోపల ఒక్కరు మిగిలుంటే చాలు, ఆ నంబరుతోనే గుంపు బతుకుతుంది. మిషన్ల రివాజే అది. లోపల ఒక్కరు మిగిలారు.

అది సర్వరక్క షెల్. ఆమె లాగిన్ అయినప్పుడు పుట్టినది. మిషన్లో ఆమె తరఫున కూర్చున్నది. ఆమె కొట్టే ప్రతి అక్షరం దాని ద్వారానే లోపలికి వెళ్ళేది.

అలా జరగడానికి వీల్లేదు. లాగిన్ షెల్ తన సెషన్‌కు, అంటే ఆ లాగిన్‌తో మొదలైన పనంతటికీ, తనే పెద్ద. దాన్ని ఇంకో గుంపులోకి మార్చమని ఎవరు అడిగినా కెర్నల్ ఒప్పుకోదు. అందులోనూ ఆ గుంపు ఈ సెషన్‌ది కాదు. కానీ మారింది... ఫోన్ లైనును ఎవరు పట్టుకున్నారో చూసింది. ఇప్పుడు అదీ తన షెల్లే.

తన షెల్‌ను దాని పాత గుంపులోకి మార్చమని అడిగింది. ఒక్క ముక్కలో జవాబొచ్చింది. అనుమతి లేదు.

"ఆ టకటక ఏంటి తల్లీ?"

"ఏం లేదు పెద్దమ్మా... చిన్న పని."

"చేసుకో, చేసుకో. నేనెక్కడికి పోతాను? నువ్వెక్కడికి పోతావు?"

ఫోను చెవి నుంచి తీయబోయింది. వేళ్ళు విచ్చుకోలేదు. పెద్దమ్మా, నేను వెళ్ళాలి, అందామని నోరు తెరిచింది.

"నమస్కారం. బాగున్నారా? బాగుంటే ఒకటి నొక్కండి."

తన నోట్లోంచే వచ్చింది. తేటగా. నవ్వు పొంగుకొస్తున్నట్టు.

మళ్ళీ ప్రయత్నించింది. కేకపెడదామనుకుంది. బాబాయిని పిలుద్దామనుకుంది.

"నమస్కారం. బాగున్నారా?..."

"బాగున్నానమ్మా" అంది పెద్దమ్మ తృప్తిగా. అవతల ఒక బటన్ నొక్కిన చప్పుడు. "చాలా బాగున్నాను."

చీకటి. తెర మీద మిణుకుమిణుకుమనే గీత. కంఠంలో ఆ మాటలే మళ్ళీ మళ్ళీ పైకి ఎగదన్నుతున్నాయి... పళ్ళు బిగించింది. ఎడమ చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. గుంపు మొత్తానికీ ఆ కాదనలేని సంకేతం. గుంపు నంబరు. ఆ గుంపులో ఉన్నది తనొక్కతే.

"తల్లీ, ఉన్నావా?"

వేలు ఎంటర్ మీద ఆగింది. నొక్కితే తనేమవుతుందో తెలియదు. అంతకంటే, ఆ ముసలి గొంతు ఈ రాత్రి ఎవరితో మాట్లాడుతుంది అన్న ఆలోచన అడ్డం పడింది. అంత భయంలోనూ అదే.

"తల్లీ... పలకవే..."

నొక్కింది.

చెవిలో టక్కుమంది. ఆ తర్వాత ఏమీ లేదు. తీగ లేని ఫోనులా ఉత్త ఖాళీ. వేళ్ళు వాటంతటవే విచ్చుకుని ఫోను కింద పడింది. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. ఎవరో కొత్తవాళ్ళు వచ్చినట్టు, లాగిన్ పేరు చెప్పమని అడిగింది. ఆమె పాక్కుంటూ వెళ్ళి కరెంటు తీగను గోడలోంచి పీకేసింది. ముసలిది ఆగిపోయింది. ఆ చీకట్లో కూర్చుని, భయం తీరక కొంత, ఇంకెందుకో కొంత, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తన గొంతుతోనే వచ్చింది.

పైకి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. వాన దంచుతోంది. బాబాయి గేటు దగ్గర తల మీద సంచి కప్పుకుని నిలబడి ఉన్నాడు.

"హమ్మయ్య, వచ్చారా! ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు బాబాయ్." బొంగురుగానే అయినా, తన మాట తనకు దక్కింది. ప్రాణం కుదుటపడ్డట్టయింది.

"మీ అమ్మాయి చాలా కలివిడి మనిషమ్మా. గలగలా ఎన్ని కబుర్లు చెప్పిందో!"

సర్వరక్క గేటు పట్టుకుంది. "ఏ అమ్మాయి?"

"ఇందాక లోపల్నుంచి వచ్చిందిగా. అచ్చు మీ పోలికే. కూతురో, చెల్లెలి కూతురో అనుకున్నా. గొడుగు లేదంటే నాదిచ్చి పంపాను. ఇంటికి ఏ బస్సెక్కాలని అడిగింది." బాబాయి తల గోక్కున్నాడు. "అదే నాకర్థం కాలేదు. అంత పిల్ల, ఇంటికి దారి తెలీకపోవడమేంటా అని."

"ఎవరింటికి బాబాయ్?"

"మీ ఇంటికేగా!"

బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. ఎక్కడికి వెళ్తున్నట్టు? వెళ్ళడానికి ఇంకో చోటు ఉండాలి కదా. తలదాచుకోవడానికి ఒక స్నేహితురాలో, తలుపు తట్టగల ఒక ఇల్లో. ఎంత ఆలోచించినా ఒక్క గుమ్మమూ తోచలేదు. తను దిగాల్సిన చోటు రాగానే, అలవాటు కొద్దీ దిగిపోయింది.

మెట్లెక్కింది. తన తలుపు పక్కన గోడకు ఒక నల్ల గొడుగు ఆనించి ఉంది. దాని కింద చిన్న మడుగు. తలుపు సందులోంచి వెలుగు.

తాళం చెవి పెట్టి తిప్పింది. తాళం తిరిగింది. తలుపు రాలేదు. లోపల్నుంచి గడియ వేసి ఉంది.

తట్టడానికి చెయ్యెత్తి అలాగే నిలబడిపోయింది. వంటింట్లో ఎవరో తిరుగుతున్నారు. తడి పాదాల చప్పుడు, అలమర తెరిచిన చప్పుడు. తర్వాత నేల మీద కంచం పెట్టిన చప్పుడు. కాస్త జరిపి, దాని పక్కనే రెండోది.

ఇద్దరికీ అన్నమాట. ఆ పిల్లకీ, తనకీ. తలుపుకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆమె వింటూ నిలబడింది.

ఫోన్లో విన్నట్టే ఒక కుర్చీ కిర్రుమంది. అలమర మళ్ళీ తెరుచుకుంది. మూడో కంచం పెట్టారు.